ఏడాదికి నాలుగు వేలు కూడా తిరగని కారుకు ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి?

ఎంవీపీ కాలనీ వాసి:

విశాఖ నుంచి నమస్కారం. నాది 2021 మోడల్ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. పొద్దున అమ్మాయిని బడి దగ్గర దించి సిరిపురంలో ఆఫీసుకు వెళ్లడం, సాయంత్రం రైతు బజారు మీదుగా ఇల్లు చేరడం, అంతే దాని లోకం. ఎప్పుడైనా ఒక ఆదివారం భీమిలి. ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు కూడా దాటదు.

కారుతో ఇచ్చిన పుస్తకంలో పది వేల కిలోమీటర్లు లేదా పన్నెండు నెలలు అని ఉంది. సర్వీస్ సెంటర్ వాళ్లేమో ఆరు నెలలకే ఫోను చేసి ఆయిల్ మార్చుకోమంటున్నారు, ఇంజిన్ ఫ్లష్ (మందు పోసి లోపల కడగడం) కూడా చేయించమంటున్నారు. మా వీధి చివరి మెకానిక్ డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి, ఆయిల్ వేలికి రాసుకుని చూసి, "ఇంకా పసుపు రంగులోనే ఉంది సార్, పది వేలు తిరిగాక చూద్దాం" అన్నాడు. ఆ లెక్కన రెండున్నరేళ్లు ఆగాలి. ఎవరి మాట వినాలి? ఫుల్ సింథటిక్ (కృత్రిమంగా తయారుచేసిన ఖరీదైన ఆయిల్) వేయిస్తే నిశ్చింతగా రెండేళ్లు నడపవచ్చా?

గాజువాక ప్రయాణికుడు:

మెకానిక్ మాటే సబబు. నేను రోజూ అనకాపల్లి వెళ్లి వస్తాను. ఏడాది తిరగకముందే పది వేలు అయిపోతాయి, వెంటనే మార్పిస్తాను. నెలల లెక్క నాకెన్నడూ అవసరం పడలేదు. నడవని బండిలో ఆయిల్ ఎందుకు పాడవుతుంది?

కూర్మన్నపాలెం విశ్రాంత ఉద్యోగి:

గాజువాక బాబూ, మీ లెక్క మీ కారుకు సరిగ్గా సరిపోతుంది. ఎంవీపీ గారి కారుకు మాత్రం పనికిరాదు. హైవే మీద ఏకబిగిన నడిచే మీ ఇంజిన్ కంటే, రోజుకు నాలుగుసార్లు స్టార్టయి నాలుగేసి కిలోమీటర్లకే ఆగిపోయే ఆయన ఇంజిన్‌లోనే ఆయిల్ తొందరగా చెడుతుంది.

స్టీల్ ప్లాంటులో యంత్రాల నిర్వహణలో పనిచేసి రిటైరైన వాణ్ణి. గేర్‌బాక్సుల నుంచి, కంప్రెసర్ల నుంచి ఆయిల్ నమూనా తీసి ల్యాబుకు పంపేవాళ్లం. చిక్కదనం ఎంత తగ్గింది, నీరు ఎంత చేరింది, ఆమ్లగుణం ఎంత పెరిగింది అని చూశాకే మార్చాలా వద్దా అని తేల్చేవాళ్లం. వేలికి రాసుకుని తీర్పు చెప్పే పద్ధతి అక్కడ ఎవరికీ లేదు. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కొద్ది వందల కిలోమీటర్లకే మసితో నల్లబడుతుంది, అయినా అది పాడైనట్టు కాదు. పెట్రోలు ఇంజిన్‌లో పసుపు రంగులో కనిపించే ఆయిల్‌లో నీరూ పెట్రోలూ కలిసి ఉండవచ్చు. రంగుతో తేలేది ఒక్కటే: పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపల నీరో, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంటో చేరిందని అర్థం, అప్పుడు బండి నడపకుండా చూపించుకోవాలి.

ఇక నడవని బండి సంగతి. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. చాలా భాగం సైలెన్సర్‌లోంచి పోతుంది. కొద్దిగా మాత్రం పిస్టన్ రింగులు దాటి కిందికి, ఆయిల్ ఉండే చోటికి దిగుతుంది. స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో ఇంజిన్ చల్లగా ఉంటుంది కాబట్టి పెట్రోలు కూడా ఎక్కువగా పడి, కాలని కాస్తా సిలిండరు గోడల వెంట జారి అక్కడికే చేరుతుంది. ఆయిల్ బాగా వేడెక్కితే ఈ రెండూ ఆవిరై బయటికి పోతాయి. రసం మరిగితే కదా ఆవిరి లేచేది, గోరువెచ్చగా ఉండగానే దించేస్తే నీళ్లన్నీ గిన్నెలోనే. మీటరు ముల్లు మధ్యకు వచ్చింది కదా అనకండి, అది చూపేది కూలెంట్ వేడి. ఆయిల్ వేడెక్కడానికి ఇంకొంత సేపు కావాలి. ఎంవీపీ నుంచి సిరిపురం చేరేలోపు అది జరగదు. అలా మిగిలిన తేమ వల్ల ఆమ్లాలు తయారవుతాయి. వాటిని విరిచే మందులు ఆయిల్‌లో కలిపే ఉంటారు కానీ అవి నెలనెలా ఖర్చయిపోతుంటాయి.

అందుకే పుస్తకంలో రెండు అంకెలు ఇచ్చి, ఏది ముందైతే అది అంటారు. మీకు పన్నెండు నెలలే ముందు వస్తాయి. అదే పుస్తకంలో కఠిన పరిస్థితుల పేజీ కూడా చదవండి. తక్కువ దూరాల ప్రయాణం, ట్రాఫిక్‌లో ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిలబడటం, దుమ్ము, కొండదారి సాధారణంగా అందులో ఉంటాయి. ఎన్‌ఏడీ కూడలిలో ఇరుక్కునే వాళ్లు, పోర్టు వైపు దుమ్ములో తిరిగే వాళ్లు, తరచూ సింహాచలం కొండ ఎక్కే వాళ్లు మామూలు పట్టిక తమదే అనుకుంటారు. మీ మోడలుకు ఆ పేజీలో ఆరు నెలలని ఉంటే సర్వీస్ సెంటర్ వాళ్ల మాట నిజమే. లేకపోతే ఏడాదికొకసారి చాలు.

ఫుల్ సింథటిక్ వేడికి తొందరగా విరిగిపోదు, అది నిజం. కానీ అందులోనూ అదే నీరు, అదే పెట్రోలు చేరతాయి. రెండేళ్ల ఆశ వదులుకోండి. గ్రేడు, అంటే ఆయిల్ చిక్కదనం చెప్పే అంకె, మాత్రం పుస్తకంలో ఉన్నదే వేయించండి. మీది 0డబ్ల్యూ-20 అయితే అదే వేయాలి. "మన ఎండలకు చిక్కటి ఆయిల్ మంచిది" అని 20డబ్ల్యూ-40 డబ్బా తెరిచే వాళ్లున్నారు, ఒప్పుకోకండి. ఇప్పటి ఇంజిన్లలో ఆయిల్ దారులు సన్నవి. స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో చిక్కటి ఆయిల్ పైదాకా చేరడం ఆలస్యమైతే అరుగుదల అక్కడే మొదలవుతుంది.

ఫ్లష్ అక్కర్లేదు. ఏటా మార్చే ఇంజిన్‌లో కడగడానికి ఏముంది? ఆ డబ్బుతో కొత్త ఆయిల్ ఫిల్టరు వేయించండి.

మధురవాడ డీజిల్:

గురువు గారూ, నాది బీఎస్ 6 (కొత్త కాలుష్య నిబంధనల) డీజిల్ కారు. ఆయిల్ తగ్గడం విన్నాను కానీ నా బండిలో డిప్‌స్టిక్ పై గీత దాటి పెరిగింది! నేనూ ఎక్కువగా కొమ్మాది, మధురవాడ మధ్యే తిరుగుతాను.

కూర్మన్నపాలెం విశ్రాంత ఉద్యోగి:

ముందు ఒక సంగతి. చూసినప్పుడు బండి చదునైన చోట ఉందా? మన ఊళ్లో సగం వీధులు వాలుగానే ఉంటాయి, వాలులో డిప్‌స్టిక్ నిజం చెప్పదు. చదునైన చోట ఆపి, ఐదారు నిమిషాలయ్యాక తుడిచి మళ్లీ చూడండి.

అప్పుడూ గీత దాటి ఉంటే అది చాలావరకు డీజిలే. మీ సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది నిండినప్పుడు ఇంజిన్ అదనంగా డీజిల్ చల్లి, ఆ వేడితో మసిని కాల్చేస్తుంది. పని సగంలో ఉండగా మీరు ఇంటికొచ్చి తాళం తిప్పేస్తే కాలేది కాలదు, కొంత డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పలచబడి బేరింగులు దెబ్బతింటాయి. నెలలూ కిలోమీటర్లూ చూడకుండా ఇప్పుడే మార్పించండి, తక్కువ బూడిద మిగిల్చే రకం ఆయిల్‌తోనే. ఇక మీదట వారానికొకసారి ఆనందపురం దాటి అరగంట ఆగకుండా నడిపి రండి.

ఎంవీపీ కాలనీ వాసి:

పేజీ దొరికింది. తక్కువ దూరాల ప్రయాణం అందులో ఉంది, ఐదు వేలు లేదా ఆరు నెలలట. ఆయిల్ మార్పించి పది నెలలైంది కాబట్టి శనివారమే వెళ్తున్నాను. పాత ఆయిల్ డబ్బాలో పోసి ఇస్తామంటున్నారు, గేటు బందులకు వాడుకోవచ్చట. తెచ్చుకోనా?

కూర్మన్నపాలెం విశ్రాంత ఉద్యోగి:

వద్దు. బందులకు నాలుగు చుక్కలు చాలు, మిగతా మూడు లీటర్లు ఏం చేస్తారు? కాలువలో పోస్తే గెడ్డల్లోంచి సముద్రంలోకే చేరుతుంది. వాడిన ఆయిల్‌ను ప్రమాదకర వ్యర్థాల కిందే లెక్కిస్తారు, శుద్ధి చేసే వాళ్లకే వెళ్లాలి. సర్వీస్ సెంటర్‌లో డ్రమ్ముల్లో పట్టి ఉంచుతారు, అక్కడే వదిలేయండి. శనివారం బండి దగ్గరే నిలబడి డ్రైన్ బోల్టుకు (పాత ఆయిల్ కిందికి వదిలే బోల్టు) కొత్త వాషర్ వేశారో లేదో చూసుకోండి, బిల్లులో గ్రేడు రాయించండి.