ఊడిన పాలపన్ను: ఇంటి కప్పు మీదికా, దిండు కిందికా?

పెంకుటిల్లు:
ఆరేడేళ్లకి కింది ముందుపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసరడం మన అలవాటు. ఇప్పుడేమో టూత్ ఫెయిరీ, అంటే దిండు కింద పెట్టిన పన్ను రాత్రికి తీసుకుపోయి బదులుగా బహుమతి పెట్టే దేవకన్య, వస్తుందని చెప్పి దిండు కింద వంద నోటు పెడుతున్నారు. ఊడిన పన్నుకి రేటు కట్టడం తప్పంటాను. పాలపళ్లు 20. అన్నీ ఊడేసరికి పిల్లలకి పన్నెండేళ్లు, మన ఖర్చు రెండు వేలు. అసలు రెండో పన్నుకే బేరాలు మొదలవుతాయి.

నల్లరేగడి:
బేరం సంగతి నిజమే. కానీ తప్పు ఫెయిరీది కాదండీ, నోటుది. 1908లో అమెరికా పత్రిక షికాగో ట్రిబ్యూన్ గృహిణులకిచ్చిన సలహాలో ఈ ఫెయిరీ కనిపిస్తుంది. అందులో డబ్బు ఊసే లేదు. ఊగే పన్ను తీయనివ్వక మొండికేసే పిల్లల కోసం, ఐదు సెంట్ల సరుకులుండే చోట చిన్న చిన్న వస్తువులు కొని దాచుకోమన్నారు. కప్పు మీదికి విసరడం మనకొక్కళ్లకే ఉందనుకోకండి. జపాన్‌లోనూ కింది పన్ను కప్పు మీదికి, పై పన్ను ఇంటి కిందికి వేస్తారు, కొత్తది అటువైపు తిన్నగా పెరగాలని.

ఐదో అంతస్తు:
అపార్ట్‌మెంట్‌లో కప్పెక్కడండీ? బాల్కనీలోంచి విసిరితే పార్కింగ్‌లో కారు మీద పడుతుంది. తులసి కోట పక్కన కుండీలో రెండంగుళాల లోతున పాతితే చాలు. దిండు కిందే పెడతామంటే విడిగా పెట్టకండి. కందిగింజంత పన్ను, దుప్పటి మడతల్లో పోతే తెల్లారి ఏడుపే. కడిగి, ఆరబెట్టి, చిన్న గుడ్డసంచిలో మూతి బిగించి దిండు అంచుకి పెట్టాలి. మధ్యలో పెడితే తీసేటప్పుడు పిల్లలు లేస్తారు. పక్కలో చంటిపిల్లలు పడుకుంటే నాణెం అసలు వద్దు, గొంతులో అడ్డం పడుతుంది.

చిగురు:
మీ ఇద్దరి వాదనకన్నా నాకు భయం ఇంకోటుంది. బహుమతి ఆశతో పిల్లలు సరిగా ఊగని పన్నుని మెలితిప్పుతారు, పెద్దవాళ్లు దారం కట్టి లాగుతారు. వేరు పూర్తిగా కరగకముందే లాగితే చిగురు చీరుకుంటుంది, వేరు ముక్క లోపలే ఉండిపోవచ్చు. నాలుకతో అన్ని వైపులా వాలి, నొప్పి లేకుండా ఊగుతుంటేనే శుభ్రమైన గుడ్డతో పట్టుకుని తీయొచ్చు. రక్తం వస్తే తడి గాజుగుడ్డ మడిచి పది పదిహేను నిమిషాలు కొరికి పట్టుకోమనండి, ఆ పూట గట్టిగా పుక్కిలించనివ్వకండి. ఊడిన పన్ను అడుగున వేరు లేక గుంటగా, అంచులు గరుగ్గా ఉంటే విరిగిందని కంగారుపడతారు. వేరు కరిగిపోతేనే అలా ఉంటుంది. వెనక కొత్త పన్ను వచ్చేసినా పాలపన్ను రెండు నెలలకీ కదలకపోతే పళ్ల డాక్టరుకి చూపించాలి.

పెంకుటిల్లు:
మెలితిప్పడం గురించి ఆలోచించలేదండీ, మీ మాట నిజం. నోటు విషయంలో మాత్రం తగ్గను. ఫెయిరీ కావాలంటే మొదటి పన్నుకి ఒక పెన్సిల్ డబ్బా పెట్టండి. మిగతా 19 కుండీలోకే.