మార్షల్ మూడు మెట్ల వరుసలు: ‘సెద్’ అంటే ‘కానీ’యేనా?

పద్యప్రియ: లుపెర్కస్ అనేవాడు రోమన్ కవి మార్షల్‌ను పుస్తకం అరువడిగే పద్యంలో ఒక లాటిన్ పాదం రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. ‘ఎత్ స్కాలిస్ హాబితో త్రిబుస్ సెద్ ఆల్తిస్’. ‘మూడు మెట్ల వరుసల పైన ఉంటాను, కానీ ఎత్తైనవి’ అని రాసుకున్నాను. ఆ ‘కానీ’ అతకడం లేదు.

పాత పాఠకుడు: ‘అదీ’ అనండి. ‘మూడు వరుసలు, అదీ బాగా ఎత్తువి.’ ఇక్కడ సెద్ ఎదురు చెప్పడం లేదు, ముందు మాటను బిగిస్తోంది.

ఛందోవాది: అంత దూరం వెళ్లక్కర్లేదండీ. పాదానికి పదకొండు అక్షరాలు, ఎనిమిదోది గురువు కావాలి. ‘సెద్’ బదులు ‘ఎత్’ (‘మరియు’) వేస్తే వెనక అచ్చు వచ్చి ‘బుస్’ లఘువైపోతుంది. ‘సెద్’లోని సకారం గురువును నిలబెట్టింది, అంతే.

పాత పాఠకుడు: గురువు కోసం మాట అతికించే కవి కాదండీ మార్షల్! ‘సెద్’ దగ్గర ఆగి చదవండి, మెట్లెక్కే ఆయాసం వినబడుతుంది.

పద్యప్రియ: పోనీ ‘మూడో అంతస్తు’ అంటే?

ఒస్తియా యాత్రికుడు: వద్దండీ. మనకు అంతస్తు అంటే హోదా కూడా. రోములో ఆ లెక్క తిరగబడుతుంది. రోము పాత రేవు పట్టణం ఒస్తియా శిథిలాల్లో చూశాను, కింద దుకాణాలు, వీధిలోంచే పైకి మెట్లు. పైకి పోయేకొద్దీ నీళ్లు మోసుకోవాలి, నిప్పంటుకుంటే దిగే దారి ఉండదు. అందుకే పై గదులు పేదలవి. అగస్టస్ చక్రవర్తి ఇళ్ల ఎత్తును 70 అడుగులకు కట్టడి చేస్తే, తర్వాతి చక్రవర్తి ట్రాజన్ 60కి దించాడు. ఇంకో రోమన్ కవి జువెనాల్ చెప్పిన, పావురాలు గుడ్లు పెట్టే పెంకుల కింది గది గుర్తుందిగా?

ఛందోవాది: మార్షల్ పేదవాడేం కాదు. రోములో సెనేటర్ల తర్వాతి హోదా అయిన అశ్విక శ్రేణివాడు, దానికి 4,00,000 సెస్టర్సుల (రోమన్ నాణేలు) ఆస్తి ఉండాలి.

పాత పాఠకుడు: శ్రేణి ఉన్నా తెల్లవారకముందే టోగా చుట్టుకుని పోషకుల గుమ్మాల దగ్గర నిలబడ్డవాడేనండీ. పోషకులు ఆశ్రితులకిచ్చే వంద క్వాద్రాన్ల (చిల్లర నాణేలు) భత్యం, స్పోర్తులా గురించి అన్నిసార్లు రాసింది ఊరికేనా? ఈ పద్యంలోనే చూడండి. ఇంత ఎత్తు ఎక్కడమెందుకు, ఆర్గిలేతుం వీధి కొట్లో ఐదు దెనారీలకు (వెండి నాణేలు) కొనుక్కో అంటాడు. నువ్వు అంత విలువ చెయ్యవు అంటాడు లుపెర్కస్. తెలివైనవాడివి అని కవి ఒప్పేసుకుంటాడు. ఎన్నిసార్లు చదివినా నాకు అక్కడ గొంతు పట్టేస్తుంది.

పద్యప్రియ: ‘అదీ’ వేసేశాను, బాగుంది. మరి ‘ఆల్తిస్’ సంగతి? ఎత్తు ఒక్కో మెట్టుదా, మొత్తం వరుసదా?

ఛందోవాది: మెట్టుదే.

పాత పాఠకుడు: వరుసదండీ!