బ్యాటరీలో ఎంత మిగిలిందో చెప్పేది వోల్టేజా, షంట్ మానిటరా?

మిద్దెమీద_ఎండ:
మా ఇంటికి గ్రిడ్ కరెంటు లేదు, అంతా సోలార్ మీదే. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ బ్యాంకు, సామర్థ్యం 200 ఆంపియర్ అవర్లు. మూత తీసి నీళ్లు పోసే రకం. ముందు ముందు లిథియంకి మారాలని ఉంది. ప్యానెళ్లు బిగించినాయన వోల్టేజ్ చూస్తే చాలు, శాతం చూపించే మీటర్లన్నీ అబద్ధాలు చెబుతాయి అంటాడు. పడవ నడిపే మిత్రుడేమో షంట్ (బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటును కొలిచే భాగం) లేకుండా బ్యాటరీ వాడటమంటే కళ్లకు గంతలు కట్టుకున్నట్టే అంటాడు. ఇద్దరికీ అనుభవం ఉంది. నేను ఎవరి మాట వినాలి?

రాగితీగ:
బిగించినాయన మాట వినండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ తన సంగతి తనే చెబుతుంది. ఛార్జింగ్ ఆపి, లోడ్లన్నీ తీసేసి, కొన్ని గంటలు వదిలేసి మల్టీమీటర్ పెట్టండి. 12.7 ఉంటే నిండింది. 12.1, 12.2 దగ్గరుంటే సగం. 11.8కి దిగితే ఖాళీ అయినట్టే. మీది మూత తీసే రకం కాబట్టి హైడ్రోమీటర్ కూడా పెట్టొచ్చు. యాసిడ్ సాంద్రత 1.270 దగ్గరుంటే నిండుగా ఉంది, 1.200కి వస్తే సగం అయిపోయింది. సెల్ లోపలి రసాయనాన్ని నేరుగా కొలిచే పనిముట్టు అది. షంట్ కొలిచేది వైరులో పోయే కరెంటును మాత్రమే, బ్యాటరీని కాదు.

లోతునీరు:
రాగితీగ గారూ, "కొన్ని గంటలు వదిలేసి" అని తేలిగ్గా అనేశారు. ఇంటి బ్యాంకుకైనా, పడవకైనా ఆ కొన్ని గంటలు ఎప్పుడు దొరుకుతాయండీ? పగలు ప్యానెళ్లు ఎక్కిస్తూ ఉంటాయి, రాత్రి ఫ్రిజ్ లాగుతూ ఉంటుంది. ఛార్జ్ అవుతుంటే 14.4 కనిపిస్తుంది. పంపు ఆన్ చేస్తే 11.9కి పడుతుంది. బ్యాటరీలో మూడొంతుల ఛార్జ్ ఉన్నప్పుడు కూడా ఈ రెండు అంకెలూ వస్తాయి. వాటిని చూసి ఏం తేల్చుకోవాలి?

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే వోల్టేజ్ మాటే ఎత్తొద్దు. నాలుగు సెల్స్ ప్యాక్‌లో ఛార్జ్ 80 శాతం నుంచి 30కి దిగినా వోల్టేజ్ మహా అయితే పావు వోల్టు కదులుతుంది. ఒక చిన్న లోడ్ వేస్తేనే అంత తేడా వస్తుంది. ఆ తర్వాత చివర్లో ఒక్కసారిగా జారిపోతుంది, బీఎంఎస్ (బ్యాటరీ లోపల దాన్ని కాపాడే సర్క్యూట్) కట్ చేసేస్తుంది. రాత్రి లంగరు వేసుకుని ఉన్నప్పుడు అలా జరిగితే లైటు, రేడియో, పడవ అడుగున చేరే నీటిని తోడే బిల్జ్ పంపు అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ముందుగా ఏ హెచ్చరికా ఉండదు. షంట్ కావాలని నేను పట్టుబట్టేది అందుకే.

రాగితీగ:
లిథియం విషయంలో ఒప్పుకుంటాను. కానీ ఆయన దగ్గర ఇప్పుడున్నది లెడ్. దానికి షంట్ చెప్పే శాతం ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పండి. మీరు సెట్టింగ్‌లో 200 అని రాశారు, అది 200 అనే నమ్ముతుంది. ఏళ్లు గడిచి బ్యాటరీ అసలు సామర్థ్యం 140కి పడిపోయిందనుకోండి. నిండు నుంచి 100 వాడితే మానిటర్ 50 శాతం మిగిలింది అంటుంది. నిజానికి మిగిలింది 140లో 40, అంటే 29 శాతం లోపే. ఆ 50ని నమ్మి ఇంకాస్త వాడేవాడు బ్యాటరీని చంపుతున్నట్టే. రెస్టింగ్ వోల్టేజ్ ఈ మోసం చెయ్యదు, బ్యాటరీ ముసలిదైనా అందులో ఎంత శాతం మిగిలిందో దాని ప్రకారమే పలుకుతుంది.

కొత్తచేతి:
నాకు షంట్ మానిటర్ ఉంది. పొద్దెక్కకముందే 100 శాతం చూపిస్తుంది, రాత్రంతా ఇన్వర్టర్ నడిచినా తెల్లారి 97, 98 అంటుంది. కానీ ఇన్వర్టర్‌లో "లో బ్యాటరీ" అలారం మోగి ఆగిపోతోంది. నాదీ లెడ్ యాసిడే, 150 ఆంపియర్ అవర్లు. మానిటర్ చెడిపోయిందా?

గాలిమర:
కొత్తచేతి గారి ప్రశ్నలోనే ఈ చర్చ మొత్తం ఉంది. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

షంట్ అంటే విలువ కచ్చితంగా తెలిసిన అతి చిన్న రెసిస్టర్. 500 ఆంపియర్లకి 50 మిల్లీవోల్టుల షంట్ తీసుకుంటే, ఒక ఆంపియర్‌కి దాని మీద వచ్చేది మిల్లీవోల్టులో పదో వంతు. మానిటర్ దాన్ని చదివి, వచ్చింది కలుపుతూ, పోయింది తీసేస్తూ లెక్క రాసుకుంటుంది. ఆ లెక్కలో తప్పు ఎంత చిన్నదైనా అది పేరుకుంటూనే పోతుంది. కొలతలో 0.05 ఆంపియర్ల తేడా ఉంటే రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు, నెలకి 36. పైగా బ్యాటరీ ఊరికే ఉన్నా లోపల్లోపల కొంత ఛార్జ్ పోతూ ఉంటుంది కదా, అది షంట్ గుండా పోదు కాబట్టి దానికి అసలు కనపడదు. లెడ్‌లోకి ఎక్కించినదంతా తిరిగి రాదు కూడా. అందులో పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, గ్యాస్‌గానూ వేడిగానూ పోతుంది. ఆ వంతును మనమే అంచనా వేసి సెట్టింగ్‌లో రాస్తాం.

కాబట్టి మానిటర్ తన లెక్కను అప్పుడప్పుడు మళ్లీ 100 దగ్గర మొదలుపెట్టాలి. "బ్యాటరీ నిండింది" అని దానికి ఎలా తెలుస్తుంది? వోల్టేజ్ ఒక గీత దాటి, లోపలికి పోయే కరెంటు ఒక గీత కిందికి దిగి, రెండూ కొన్ని నిమిషాలు అలాగే ఉంటే. ఈ మూడు అంకెలూ సరిగ్గా లేకపోతే శాతానికి అర్థమే లేదు. కరెంటు గీత 4 శాతం దగ్గర పెట్టి వచ్చే మానిటర్లున్నాయి. 200 ఆంపియర్ అవర్లకి అది 8 ఆంపియర్లు. 8 ఆంపియర్లు ఇంకా తాగుతున్న లెడ్ బ్యాటరీ నిండలేదు. 1 నుంచి 2 శాతానికి, అంటే 2 నుంచి 4 ఆంపియర్లకి దిగాలి.

సోలార్‌లో ఇంకో చిక్కుంది. షంట్ చూసేది ప్యానెళ్లు ఇచ్చినదాంట్లో ఇల్లు వాడుకోగా మిగిలింది మాత్రమే. బ్యాటరీ 15 ఆంపియర్లు తీసుకుంటున్న సమయంలో మబ్బు పట్టిందనుకోండి, అప్పుడే పంపు కూడా ఆన్ అయింది. లోపలికి పోయేది 3కి పడిపోతుంది, వోల్టేజ్ మాత్రం కొన్ని నిమిషాలు పైనే ఉంటుంది. గీత 13.2 దగ్గర ఉంటే మానిటర్ నిండిందనుకుని 100 వేసేస్తుంది. ఇలా రోజూ జరిగితే బ్యాటరీ 80 దగ్గరే తిరుగుతూ ఉంటుంది, మీరేమో నిండిందనుకుంటూ ఉంటారు. సల్ఫేట్ గట్టిపడి ప్లేట్లు పాడయ్యేది ఇక్కడే. వోల్టేజ్ గీతను అబ్సార్ప్షన్‌కి, అంటే నింపే చివరి దశలో ఛార్జర్ నిలిపి ఉంచే వోల్టేజ్‌కి, 0.2 వోల్టుల కింద, 14.4 అయితే 14.2 దగ్గర పెట్టండి. సమయం కూడా పెంచండి.

కొత్తచేతి గారూ, మీది సెట్టింగ్ తప్పు అనుకోను. రాత్రి వాడకం అసలు లెక్కలోకే రావడం లేదు. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీద ఉండాల్సింది షంట్‌కి పోయే ఒక్క కేబులే. ఇన్వర్టర్ నెగెటివ్ నేరుగా బ్యాటరీకి బిగించి ఉందేమో చూడండి. పనిలో పనిగా ఇన్వర్టర్ ఆన్‌లో ఉన్నప్పుడు దాని కేబుల్ మీద డీసీ కొలిచే క్లాంప్ మీటర్ పెట్టి, మానిటర్ చూపే కరెంటుతో పోల్చండి.

రాగితీగ:
అంటే గీతలు మూడు, వంతు ఒకటి, సామర్థ్యం ఒకటి, అన్నీ మనిషే సరిగ్గా రాయాలి. ప్యూకర్ట్ అంకెను మరిచిపోయారు. మామూలు ఇంట్లో ఇవన్నీ ఎవరు సరిచేస్తారు? నా వాదన అదే.

లోతునీరు:
ప్యూకర్ట్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1897లో ఆయన చూపించింది, లెడ్ బ్యాటరీ నుంచి గట్టిగా లాగితే తక్కువ వస్తుందని. 200 అనే రేటింగ్ 20 గంటల పాటు 10 ఆంపియర్ల చొప్పున లాగినప్పటిది. ప్యూకర్ట్ అంకె 1.2 అనుకుంటే, అదే బ్యాటరీ నుంచి 100 ఆంపియర్లు లాగితే చేతికొచ్చేది సుమారు 126. మానిటర్ దీన్ని లెక్కలోకి తీసుకోకపోతే పెద్ద ఇన్వర్టర్ వాడేవాళ్లు మునుగుతారు.

గాలిమర:
అది ఆగకుండా లాగినప్పుడు. ఆ మిగతా 74 ఎక్కడికీ పోలేదు, ప్లేట్ల లోతుల్లో ఉంది. బ్యాటరీకి విశ్రాంతి ఇచ్చి చిన్న లోడ్ వేస్తే అందులో చాలావరకు తిరిగి వస్తుంది. ఐదు నిమిషాలు మిక్సీ, తర్వాత రాత్రంతా చిన్న లైటు అనే వాడకంలో ప్యూకర్ట్ సవరణ ఉన్న మానిటర్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. నేనైతే ఈ అంకె మీద ఎక్కువ సమయం పెట్టను. తక్కువ చూపించడం వల్ల బ్యాటరీకి నష్టం లేదు. లిథియంలో దీని ప్రభావం నామమాత్రమే.

రాగితీగ గారూ, సామర్థ్యం తగ్గడం గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఆ తగ్గుదలను పట్టుకోవడానికి కూడా షంటే కావాలి. బ్యాటరీని పూర్తిగా నింపి, 20 గంటల రేటుకి దగ్గరగా వాడుతూ 10.5 వోల్టుల దాకా దించితే మొత్తం ఎన్ని ఆంపియర్ అవర్లు వచ్చాయో షంట్ చెబుతుంది. ఆ అంకెను సెట్టింగ్‌లో రాసుకోవాలి. తరచుగా చెయ్యకండి, అంత లోతుకు దించడం లెడ్‌కి మంచిది కాదు. అంత దించలేని వాళ్లకి మీ పద్ధతే దారి. షంట్ లెక్కలో సగం వాడినట్టు చూపినప్పుడు బ్యాటరీకి విశ్రాంతి ఇచ్చి వోల్టేజ్ చూడాలి. 12.2 రావాల్సిన చోట 11.95 వస్తే సామర్థ్యం పడిపోయినట్టే.

నన్నడిగితే శాతం కంటే ముందు చూడాల్సింది మధ్యాహ్నం అబ్సార్ప్షన్ చివర్లో లోపలికి ఎంత కరెంటు పోతోందన్నది. ఎంత మిగిలిందో తెలియక పాడైన లెడ్ బ్యాటరీల కన్నా, ఎన్నడూ పూర్తిగా నిండక పాడైనవే ఎక్కువ చూశాను. ఆఖరి 20 శాతం నిండటానికి గంటలు పడుతుంది. ఎన్ని ప్యానెళ్లు పెంచినా ఆ సమయం పెద్దగా తగ్గదు.

మిద్దెమీద_ఎండ:
లిథియం బ్యాటరీలకు బీఎంఎస్ యాప్ వస్తుంది కదా, అదీ శాతం చూపిస్తుంది. అప్పుడు విడిగా షంట్ అవసరమా?

లోతునీరు:
యాప్‌లో సెల్ వోల్టేజీలు చూడండి, ఏ సెల్ ముందు పైకి పోతోందో అందులోనే తెలుస్తుంది. శాతం కోసం మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. చాలా బీఎంఎస్‌లు చిన్న కరెంటును సున్నాగా చదువుతాయి. రూటర్, రెండు మూడు చిన్న లైట్లు రోజంతా నడిచినా వాటి లెక్కలో పడవు. రెండు బ్యాటరీలు ప్యారలల్‌లో పెడితే ఒకటి 80 అంటుంది, ఇంకోటి 55 అంటుంది. మొత్తానికి ఒకే షంట్ మేలు. లిథియంని రోజూ నిండుగా నింపక్కర్లేదు, కానీ లెక్క సరిచేసుకోవడానికి అప్పుడప్పుడు పూర్తిగా నింపాలి. ఇంకోటి, గడ్డకట్టే చలి ఉన్న చోట సున్నా డిగ్రీల కింద ఛార్జ్ ఎక్కించకూడదు.

కొత్తచేతి:
చూశాను. ఇన్వర్టర్ నెగెటివ్ నేరుగా బ్యాటరీకే ఉంది. క్లాంప్ మీటర్‌లో 22 ఆంపియర్లు, మానిటర్‌లో 1.3. ఇప్పుడు షంట్ అవతలి వైపుకి మార్చి బిగించాను, రెండూ కలుస్తున్నాయి. శాతం ఇక నమ్మొచ్చా?

రాగితీగ:
ఇప్పుడే వద్దు. ఇన్నాళ్లూ రాత్రి వాడకం మీకు కనపడలేదు, అలారం మోగేదాకా దిగింది. బ్యాటరీ ఎంతో కొంత దెబ్బతినే ఉంటుంది. మంచి ఎండ ఉన్న రోజు లోడ్లు తగ్గించి, కరెంటు 2, 3 ఆంపియర్లకి దిగేదాకా నింపండి. తర్వాత ఆరు సెల్స్‌లోనూ హైడ్రోమీటర్ పెట్టండి. నీళ్లు పోసిన వెంటనే పెట్టకండి, ఛార్జింగ్‌లో కలిసిపోయాక పెట్టండి. ఒక సెల్ మిగతావాటికన్నా 0.050 కింద ఉంటే ఆ సెల్ సంగతి ముందు తేల్చుకోవాలి. ఆరు అంకెలూ ఇక్కడ రాయండి, 150 అని రాసిన చోట ఎంత రాయాలో అప్పుడు చూద్దాం.

గాలిమర:
ఇందులో రాగితీగ గారి మాటే నా మాట. కొలిచేటప్పుడు కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకోండి.