సివిల్ రైట్స్ ఉద్యమానికీ మనకీ ఏంటి సంబంధం? (అమ్మాయి హోంవర్క్)

హోంవర్క్‌నాన్న:
అందరికీ నమస్తే. న్యూజెర్సీలో ఉంటాం, 2011లో హెచ్‌1బీ మీద వచ్చాం. మా అమ్మాయి ఎనిమిదో గ్రేడ్. సివిల్ రైట్స్ ఉద్యమం వల్ల మీ కుటుంబానికి ఏం ఒరిగిందో ఒక పేజీ రాసుకురమ్మన్నారట వాళ్ళ టీచర్. నిజం చెప్పాలంటే నాకు మార్టిన్ లూథర్ కింగ్ గారి పేరు, జనవరిలో వచ్చే సెలవు తప్ప పెద్దగా తెలీదు. అది నల్లవాళ్ళ పోరాటం, మనం ఎప్పుడో తర్వాత వచ్చినవాళ్ళం, ఇందులో మనదేముంది? శుక్రవారంలోపు ఇవ్వాలి, కాస్త చెప్పండి.

పాతకాపు:
నేనూ పదేళ్ళు అలాగే అనుకున్నా లెండి. 1965 ఇమిగ్రేషన్ చట్టం గురించి రాయించండి. అంతకుముందు ఏ దేశం నుంచి ఎంతమంది రావాలో కోటా ఉండేది. 1924 చట్టంతో ఆసియా వాళ్ళకి దాదాపు తలుపులు మూసేశారు, 1946లో దయతలిచి మన దేశానికి ఇచ్చింది ఏడాదికి 100 మంది. వంద! ఇవాళ ఒక్క ఫ్లైట్‌లో అంతకంటే ఎక్కువ దిగుతారు. 1965 మార్చిలో అలబామా రాష్ట్రంలోని సెల్మా ఊళ్ళో వంతెన మీద ఓటు హక్కు కోసం నడిచినవాళ్ళని పోలీసులు చితక్కొట్టారు, ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది, అక్టోబర్ 3న అప్పటి ప్రెసిడెంట్ జాన్సన్ ఆ పాత కోటాలు ఎత్తేసే ఈ ఇమిగ్రేషన్ చట్టం మీద సంతకం పెట్టాడు. వరస చూడండి. ఇక్కడున్నవాళ్ళ మధ్య రంగు తేడా చూపకూడదని ఒప్పుకున్నాక, వచ్చేవాళ్ళని మాత్రం పుట్టిన దేశాన్ని బట్టి ఆపుతామంటే ఏం బాగుంటుంది?

సూటిమాట:
కొంచెం ఓవర్ అనిపిస్తోంది. చదువుకున్నాం, కష్టపడ్డాం, టాక్సులు కడుతున్నాం. ప్రతిదానికీ ఎవరికో రుణపడి ఉన్నామని పిల్లలకి ఎక్కించడం నాకు నచ్చదు.

తాళంచెవి:
సూటిమాట గారూ, కష్టపడేవాళ్ళు అప్పుడూ ఉన్నారండీ. భగత్ సింగ్ థింద్ అనే సిక్కు మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు, పౌరసత్వం కూడా ఇచ్చారు, 1923లో సుప్రీంకోర్టు నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మంది. అప్పటి చట్టం ప్రకారం పౌరసత్వం తెల్లవాళ్ళకీ, ఆఫ్రికా మూలాలవాళ్ళకీ మాత్రమే. ఆ తీర్పు పట్టుకుని, అప్పటికే పౌరులైన భారతీయుల దగ్గర్నుంచి కూడా లాక్కోవడం మొదలుపెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టు నడిపిన వైష్ణో దాస్ బగాయ్ అలా పౌరసత్వమూ ఆస్తీ పోగొట్టుకుని 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. మెరిట్ ఏం కాపాడింది?

ఇందులో మనం మింగలేని ముక్క ఒకటుంది. థింద్ తరఫున వాదించింది ఈ రంగు నియమం తప్పని కాదు. నేను ఆర్యుణ్ణి, పై కులంవాణ్ణి, మీ వాళ్ళు నల్లవాళ్ళతో పెళ్ళికి ఎలా ఒప్పుకోరో మా వాళ్ళూ అక్కడి ఆదివాసులతో అలాగే ఒప్పుకోరు, కాబట్టి నన్నూ తెల్లవాళ్ళలో కలుపుకోండి అని.

ఇంకోటి. సియాటెల్‌లో మేం కొన్న ఇల్లు 1940ల నాటిది. పాత దస్తావేజులు తిరగేస్తుంటే, తెల్లవాళ్ళు తప్ప ఎవరూ ఇక్కడ ఉండరాదు, ఇంటి పనివాళ్ళకి మినహాయింపు అని రాసి ఉంది. అంటే అప్పుడైతే నా ఇంట్లో నేను అంట్లు తోముతూ ఉండొచ్చన్నమాట. ఇలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని 1948లో తీర్పొచ్చింది, ఇళ్ళ అమ్మకాల్లో వివక్ష చూపకూడదని చట్టం వచ్చేసరికి 1968. అదీ కింగ్‌ని కాల్చి చంపిన వారానికి.

సూటిమాట:
ఆ దస్తావేజు సంగతి తెలీదు. మాది కూడా పాత ఇల్లే, కాగితాలు తీసి చూస్తా. రుణం అనే మాట దగ్గర మాత్రం నేను మారలేదు.

హోంవర్క్‌నాన్న:
అందరికీ థాంక్స్. మా అమ్మాయి థింద్ కేసు గురించే రాస్తానంది. ఆ వాదన సంగతి చెప్పాక కాసేపు ఆలోచించి, "అయితే ఆయన గెలిచుంటే ఆయనొక్కడే లోపలికి వెళ్ళి తలుపేసుకునేవాడా నాన్నా?" అని అడిగింది. పాతకాపు గారూ, దీనికేం చెప్పమంటారు?