మీథేన్ తగ్గాలంటే వరి చేను ఆరబెట్టాల్సిందేనా?

అమలాపురం రైతుబిడ్డ:
చేలో నిలవ నీటి వల్ల భూమిని వేడెక్కించే మీథేన్ గ్యాస్ వస్తోందని, మధ్యమధ్యలో చేను ఆరబెట్టి మళ్లీ నీరు పెట్టే తడి-పొడి పద్ధతిలో వరి పండించమని మా ఊరి రైతు సమావేశంలో చెప్పారండీ. భూమిని వేడెక్కించింది బొగ్గు, పెట్రోలు. మధ్యలో వరి రైతు మీద పడటం ఏం న్యాయం? 2030కల్లా మీథేన్‌ను 30 శాతం తగ్గిద్దామని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో చాలా దేశాలు మాటిచ్చినా, మన దేశం చేరలేదు.

పాలకొల్లు వైపు రైతు:
బొగ్గు పాపమే పెద్దది, కాదనను. కానీ మీథేన్ గాలిలో ఉండేది సుమారు 12 ఏళ్లే. 20 ఏళ్ల లెక్కలో చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు వేడి చేస్తుంది. ఇవాళ తగ్గిస్తే మన పిల్లలు కాదు, మనమే ఫలితం చూస్తాం. నీటి కింద మట్టికి గాలి ఆడక, కుళ్లిన మోళ్ల నుంచి సూక్ష్మజీవులు ఈ గ్యాస్ పుట్టిస్తాయి. నీరు నిలిచిన మడిలో కాలు పెడితే బుడబుడమని వచ్చే బుడగల్లో ఈ గ్యాస్ కూడా ఉంటుంది.

పోయిన దాళ్వాలో, అంటే రబీ పంటలో, ఈ పద్ధతి అరెకరంలో చేసి చూశాను. అడుగు పొడవు పైపుకి చిల్లులు పెట్టి మడిలో పాతాను. పైపులో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి ఇచ్చాను. నాటిన మొదటి రెండు వారాలు, పూత దశలో మాత్రం నీరు తీయలేదు. దిగుబడి తగ్గలేదు. కలుపు మాత్రం పెరిగింది, ఆ కూలి ఖర్చు దాచను.

అంతర్వేది వైపు రైతు:
మీ చేను కాలువ పక్కన ఉంది కాబట్టి సాగింది తమ్ముడూ. మాది కాలువ చివరి శివారు. దాళ్వాలో వంతు వస్తేనే నీళ్లు. ఆరబెట్టాక వంతు తప్పితే చేను ఎండిపోతుంది, పైగా అడుగున ఉన్న ఉప్పు పైకొస్తుంది. సార్వాలోనా (ఖరీఫ్‌లో), మురుగు కాలువ పూడిపోయి ముంపు నీరే దిగదు! గిట్టుబాటు కాక 2011లో కోనసీమ రైతులు పంట వేయకుండా పంట విరామం పాటించారు. ఇప్పుడు ఇంకో ఖర్చు మాకెందుకు?

పాలకొల్లు వైపు రైతు:
అన్నా, ఉప్పు నేలలను ఇందులోకి లాగకూడదు, ఆ మాట ఒప్పుకుంటున్నాను. సార్వాలో ముందు మురుగు కాలువలు తవ్వాలి. నా మాట దాళ్వా గురించి, కాలువ ఎగువనున్న పై భూముల గురించి. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే నీటి వంతు తేదీలు ముందే చెప్పి వాటికి కట్టుబడితే మేం ధైర్యంగా ఆరబెడతాం. మా దగ్గర మిగిలిన నీరు మీ శివారుకి దిగుతుంది. కలుపు కూలి ప్రభుత్వం ఇవ్వాలి, అది మాత్రం గట్టిగా అడగాలి. ఈ దాళ్వాకి మా బోదె (చిన్న పిల్ల కాలువ) కింద ఇంకో ముగ్గురు పైపులు పెడతామన్నారు. నాట్లయ్యాక ఒకసారి రండి, చేలోనే మాట్లాడుకుందాం.