'మిస్క్రియెంట్'కు తెలుగులో ఏం రాస్తున్నారు?

తిరుపతి, చిత్తూరు జిల్లాల పోలీసుల ఇంగ్లిషు ప్రెస్ నోట్లు తెలుగు చేసేటప్పుడు 'అన్‌నోన్ మిస్క్రియెంట్స్' (తప్పుడు పని చేసిన, ఎవరో తెలియనివాళ్లు) దగ్గర పని ఆగిపోతోంది. ఆగి ఉన్న బస్సు అద్దం పగిలినా అదే మాట, శేషాచలం అడవిలో ఎర్రచందనం చెట్టు నరికినా అదే మాట.

మూలం వెతికినా దారి దొరకలేదు. పాత ఫ్రెంచిలో అది అవిశ్వాసిని, మతం తప్పినవాణ్ని అనే మాట. లాటిన్‌లో నమ్మడానికి 'క్రెడెరె' అంటారు, 'క్రెడిట్' కూడా అక్కడిదే. దుర్మార్గుడనే అర్థం 16వ శతాబ్దం చివరికి వచ్చింది. ఇంగ్లాండులో ఇప్పుడది కాస్త పాతబడిన మాట, మన పోలీసు భాషలో మాత్రం రోజువారీ సరుకు.

'దుండగులు' రాస్తే కత్తులతో దాడి జరిగినట్టుంది. 'అల్లరిమూక' అంటే గుంపు కావాలి. 'ఆకతాయిలు' బస్సు అద్దానికి సరిపోతుంది గానీ గొడ్డలి పట్టినవాడికి మరీ తేలిక. 'నిందితుడు' అనాలంటే ఎవరో ఒకరి మీద ఆరోపణ ఉండాలి, ఇక్కడ మనిషే తెలియదు. 'దోషి' అసలు కుదరదు, అది కోర్టు తీర్పు తర్వాతి మాట. 'ఆగంతకుడు'లో కొత్తవాడన్న అర్థమే గానీ నేరం లేదు. 'గుర్తు తెలియని వ్యక్తి' చట్టపరంగా క్షేమమే, కానీ శీర్షికలో పెడితే రైలు పట్టాల పక్కన శవం దొరికిన వార్తలా చదువుతారు.

ఎవరినీ కొట్టకుండా, ఒంటరిగా ఆస్తి పాడుచేసి పారిపోయిన, పేరు తెలియని మనిషికి శీర్షికలో పట్టే ఒక్క మాట మీ డెస్కులో ఏది?