పాత స్ప్లెండర్, డెలివరీ పని, తక్కువ బడ్జెట్: మినరల్ ఆయిలే పోయించాలా, సింథటిక్‌కి మారాలా?

బెజవాడ రైడర్:
అందరికీ నమస్తే. నాది స్ప్లెండర్ ప్లస్, బీఎస్4 బండి, 70 వేల కిలోమీటర్లు దాటింది. విజయవాడలో ఫుడ్ డెలివరీ చేస్తున్నా, నెలకి అటూ ఇటూగా 3 వేల కిలోమీటర్లు తిరుగుతుంది. ఇన్నాళ్లూ ఇంజన్‌లో మామూలు మినరల్ ఆయిలే (ముడిచమురు శుద్ధి చేసి తీసేది) పోయించా. 3 వేలకోసారి మార్పిస్తాను కాబట్టి నెలనెలా 400 దానికే పోతోంది. మొన్న షెడ్డులో ఫుల్ సింథటిక్ పోయించమన్నారు, 900 అవుతుందట, కానీ 8 వేల కిలోమీటర్ల దాకా పాత ఆయిల్ తీసే డ్రెయిన్ బోల్టు ముట్టుకోనక్కర్లేదట. అలా చూస్తే సింథటిక్కే చవక పడుతుంది కదా? మా ఫ్రెండేమో పాత ఇంజన్‌లో సింథటిక్ పోస్తే ఆయిల్‌ని ఆపే రబ్బరు సీళ్ల దగ్గర కారుతుంది, క్లచ్ జారుతుంది అంటున్నాడు. ఈ ఎండల్లో మధ్యాహ్నం పూట బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగి ఆగి పోతుంటే ఇంజన్ పక్కన కాలు పెట్టలేకపోతున్నా. ఇల్లు గడిచేది ఈ బండి మీదే, ఇంజన్ విప్పాల్సి వస్తే నా వల్ల కాదు. తెలిసినవాళ్లు చెప్పండి.

గుంటూరు షెడ్డు:
తమ్ముడూ, మినరలా సింథటిక్కా అని తర్వాత చూద్దాం, ముందు నీ ఇంజన్ ఆయిల్ తాగుతోందో లేదో చూడు. బండిని చదునుగా ఉన్నచోట సెంటర్ స్టాండ్ వేసి, కాసేపు స్టార్ట్ చేసి ఆపు, రెండు మూడు నిమిషాలాగి డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ పెట్టి చూడు. మర తిప్పొద్దు, ఊరికే ఆనించి తీయాలి, బిగించి చూస్తే లెవెల్ ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడు. బాగా తగ్గినా, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు నీలం పొగ వస్తున్నా పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్లో అరిగాయని అర్థం. అలాంటి ఇంజన్‌లో 900 ఆయిల్ పోసినా పొగగొట్టంలోంచి పోవడమే, మామూలు ఆయిల్ పోసుకుంటూ లెవెల్ తగ్గకుండా చూసుకోవాలి, అంతే.

తాగట్లేదు అనుకుందాం. అయినా 8 వేలు మాత్రం వద్దు. ఎందుకంటే మీ ఇంజన్‌లో కార్లకుండే కాగితం ఫిల్టర్ లేదు. అడుగున ఒక జాలీ ఉంటుంది, కుడిపక్క కవర్ లోపల గిర్రున తిరిగే రోటర్ ఉంటుంది, ఆ వేగానికి బరువైన మడ్డి దాని గోడలకి అంటుకుంటుంది. క్లచ్ ప్లేట్ల పొడి, గేర్ల నుంచి రాలే సన్నటి ఇనుము అన్నీ అందులో ఆగవు, ఆయిల్‌తోపాటే తిరుగుతుంటాయి. సింథటిక్ వేడికి తొందరగా పాడవదు, నిజమే, కానీ అందులో చేరిన మురికి ఎక్కడికీ పోదు కదా, దాన్ని బయటికి పంపే దారి డ్రెయిన్ బోల్టు ఒక్కటే. ఇన్ని వేలు తిరిగిన బండి కాబట్టి ఆ రోటర్‌ని ఎప్పుడైనా శుభ్రం చేయించావో లేదో గుర్తు తెచ్చుకో. చేయించకపోతే మొదటి ఖర్చు దానికే పెట్టు. సింథటిక్ కంటే అదే నీకు ఎక్కువ పనికొస్తుంది.

కారడం గురించి: ఇప్పటి సింథటిక్‌లు బాగున్న సీళ్లని ఏమీ చేయవు. ఎండి గట్టిపడిన సీలు ముందే పోయిందని లెక్క, దాని చుట్టూ పేరుకున్న మడ్డి వల్ల ఇన్నాళ్లు ఆగి ఉంటుంది, మంచి ఆయిల్ ఆ మడ్డిని కడిగేస్తే కారడం బయటపడుతుంది.

ల్యాబ్ పిల్లోడు:
నేను ల్యూబ్ టెస్టింగ్ పనిలో ఉన్నా. అన్న చెప్పినదానికి కొంచెం కలుపుతా.

క్లచ్ జారడానికీ సింథటిక్‌కీ సంబంధం లేదు. బైక్‌లో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి, గేర్లు కూడా అందులోనే. రాపిడి బాగా తగ్గించే మందులు కలిపిన కారు ఆయిల్ పోస్తే మినరల్ అయినా సరే క్లచ్ జారొచ్చు. అందుకే డబ్బా వెనక జాసో (బైక్ ఆయిళ్లకి జపాన్ వాళ్ల ప్రమాణం) ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉందా అని చూడాలి. ఎంబీ అని ఉంటే అది గేర్లు లేని స్కూటర్లకి, మీ బండికి పనికిరాదు. మీ మాన్యువల్‌లో 10డబ్ల్యూ-30, ఏపీఐ ఎస్‌జే అని ఉంటుంది. మొదటిది చిక్కదనం గ్రేడ్, డబ్ల్యూ ముందు అంకె చలికి, వెనకది వేడికి; రెండోది ఆయిల్ నాణ్యతకి అమెరికా వాళ్లిచ్చే గ్రేడ్. ఎస్‌ఎల్, ఎస్‌ఎన్ దాని తర్వాత వచ్చినవే కాబట్టి నిశ్చింతగా వాడొచ్చు. చాలా షెడ్లలో ఏ బండి వచ్చినా 20డబ్ల్యూ-40 పోసేస్తారు, దాంతో ఇంజన్ పాడవదు గానీ మైలేజీ కాస్త తగ్గుతుంది, రోజంతా తిరిగేవాళ్లకి ఆ కాస్తా డబ్బే.

సింథటిక్ గురించి చెప్పే గొప్పల్లో మొదటిది చలిలో స్టార్టింగ్. 10డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 25 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, మనకి లంబసింగిలో సున్నా దగ్గరికి వస్తేనే పేపర్లో వేస్తారు, కాబట్టి దానికోసం మీరు రూపాయి కూడా ఎక్కువ పెట్టనక్కర్లేదు. వేడి సంగతి వేరు. గాలితో చల్లబడే ఇంజన్ ట్రాఫిక్‌లో ఆగితే గాలి తగలదు, ఆ భారం ఆయిల్ మీదే పడుతుంది, మినరల్ తొందరగా మాడేది అక్కడే. పైగా ఇలా చలికీ వేడికీ రెండింటికీ పనికొచ్చే మల్టీగ్రేడ్ మినరల్ ఆయిల్‌లో చిక్కదనం నిలబెట్టడానికి పాలిమర్లు కలుపుతారు, గేర్ల పళ్ల మధ్య అవి నలిగి తెగిపోయి ఆయిల్ పలచబడుతుంది. సింథటిక్‌లో సాధారణంగా వాటి అవసరం తక్కువ. కాబట్టి మీ పనికి సింథటిక్ లాభం లేకపోలేదు, 8 వేల మాటే తప్పు.

ఇంకోటి, ఫుల్ సింథటిక్ అన్న ముద్ర చూసి మురిసిపోవద్దు. అమెరికాలో ఈ మాట మీదే మొబిల్ వాళ్లు పోటీ ఆయిల్ కంపెనీ కాస్ట్రాల్ మీద ప్రకటనల మండలికి ఫిర్యాదు చేశారు, ముడిచమురునే గట్టిగా శుద్ధి చేసి సింథటిక్ అని ఎలా అమ్ముతారని. 1999లో నిర్ణయం కాస్ట్రాల్ వైపే వచ్చింది. ఇవాళ మనం కొనే సింథటిక్‌లలో చాలావరకు అలా చేసినవే. అవీ మంచి ఆయిళ్లే, కానీ రెట్టింపు ధర చూసి రెట్టింపు పనితనం ఆశించొద్దు.

ఇక మీ లెక్క. 400 మినరల్ 3 వేలకి మారిస్తే వెయ్యి కిలోమీటర్లకి 133 రూపాయలు. 900 సింథటిక్ ఆ ధరకి రావాలంటే 6,750 తిప్పాలి, కాగితం ఫిల్టర్ లేని బండికి అంత దూరం నేను చెప్పను. 5 వేలకి మారిస్తే 180. అదే 550కి సెమీ సింథటిక్ (మినరల్, సింథటిక్ కలిపినది) దొరికితే, 4 వేలకి మారిస్తే 137 దగ్గర ఆగుతుంది, అంటే ఇప్పుడయ్యే ఖర్చే. సెమీలో సింథటిక్ ఇంత శాతం ఉండాలన్న రూలేమీ లేదు, అందుకని ఊరూపేరూ లేని బ్రాండ్ వద్దు.

కూకట్‌పల్లి రన్నర్:
బ్రో నాదీ ఇదే పని, ఇదే బండి. ఆయిల్ పెట్రోల్ బంకులో కొంటా. ఇండియన్ ఆయిల్ వాళ్ల సర్వో, భారత్ వాళ్ల మ్యాక్, హెచ్‌పీ వాళ్ల రేసర్, వీటిలో గ్రేడ్, జాసో సరిపోతే చాలు, పెద్ద ప్రకటనలిచ్చే డబ్బాకి ఎక్కువ పెట్టాల్సిన పని లేదు. అన్నిటికంటే నాకు భయం నకిలీ ఆయిలే. డ్రమ్ములోంచి లూజుగా పోసేది ఎంత చవకైనా వద్దు. డబ్బా సీలు మీ కళ్ల ముందే తీయించండి, పోశాక ఖాళీ డబ్బా అక్కడ వదలకుండా కోసేయించండి, లేకపోతే అదే డబ్బా నిండి మళ్లీ షాపుకొస్తుంది.

డల్లాస్ తెలుగు:
మా దగ్గర లెక్క వేరే. ఇక్కడ నా కారు మాన్యువల్‌లోనే 0డబ్ల్యూ-20 అని ఉంది, అది మినరల్‌లో దొరకదు, నీళ్లతో చల్లబడే ఇంజన్, మంచి కాగితం ఫిల్టర్, కాబట్టి ఎక్కువ దూరం తిప్పినా సమస్య లేదు. ఆన్‌లైన్‌లో సింథటిక్ గురించి మీరు చదివేదంతా చాలావరకు ఇలాంటి కార్ల గురించే, దాన్ని మీ బండికి అన్వయించుకోకండి.

బెజవాడ రైడర్:
అందరికీ చాలా థ్యాంక్స్. అన్నా, మీరు చెప్పినట్టే చూశా, వెయ్యి కిలోమీటర్లకి లెవెల్ పెద్దగా తగ్గలేదు, పొగ కూడా లేదు. రోటర్ మాత్రం నా దగ్గరికొచ్చాక ఎవరూ విప్పలేదు, ఈ ఆదివారం చేయిస్తున్నా. తర్వాత సెమీ 10డబ్ల్యూ-30 పోయించి 4 వేలకి మారుస్తా. ఒక్క డౌట్, ఇప్పుడు ఆయిల్ మార్చిన వారానికే నల్లబడుతోంది, అది పాడైనట్టేనా?

గుంటూరు షెడ్డు:
కాదు తమ్ముడూ. లోపలి మసిని పట్టుకుని తనలో కలుపుకుంటోంది కాబట్టే నల్లబడుతోంది, పని చేస్తోందన్నమాట. రంగు చూడకు, గేరు చూడు. మెత్తగా పడే గేరు గట్టిగా పడుతున్నా, ఆగి ఉన్నప్పుడు న్యూట్రల్ దొరకడం కష్టమవుతున్నా ఆయిల్ పలచబడిందని అనుకో, 4 వేలు నిండకపోయినా మార్చేయ్. రోటర్ కవర్ విప్పినప్పుడు గ్యాస్కెట్ కొత్తది వేయించు, పాతదే పెట్టి బిగిస్తే అక్కడే కారుతుంది, మీ ఫ్రెండ్ మళ్లీ సింథటిక్‌నే తిడతాడు.